పాత డెస్క్‌టాప్‌లో సెకండ్ హ్యాండ్ పార్టులు: బాన్సువాడలో నేను పోగొట్టుకున్న నాలుగు రోజులు

మొన్న సంక్రాంతి సెలవులకి బాన్సువాడ వెళ్లినప్పుడు మా బావ ఒక పని అప్పజెప్పాడు. ఆయనకి బస్టాండ్ దగ్గర చిన్న షాపుంది. జిరాక్స్, ప్రింటవుట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, పరీక్ష ఫీజులు, అన్నీ అక్కడే. ఆ షాపు మొత్తం ఒక్క కంప్యూటర్ మీద నడుస్తుంది. మన ఊళ్లలో దాన్ని 'సీపీయూ' అనే అంటారు, మొత్తం డబ్బాకి అదే పేరు. ఆ సీపీయూ నేను ఇంటర్లో ఉన్నప్పుడే పాతది. లోపల ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి చాయ్ తాగొస్తే అప్పటికి డెస్క్‌టాప్ కనబడేది.

కొత్త అసెంబుల్డ్ సిస్టమ్‌కి నిజామాబాద్‌లో కొటేషన్ అడిగితే 38 వేలు చెప్పారట. బావ నా వైపు చూశాడు. "నువ్వు కంప్యూటర్ ఇంజినీర్‌వి గదా, దీన్నే ఏమన్న చేయరాదు?"

"ఒక్క సాయంత్రం పని బావా" అన్నా.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల గురించే ఈ ఆర్టికల్. కానీ ముందే చెప్తున్నా, ఇది 'పాత పార్టులు కొనొద్దు' అనే ఆర్టికల్ కాదు. కొనండి. నేను మళ్లీ కొంటా. నా గొడవంతా మనలాంటి టెక్ పిచ్చోళ్లం ఈ విషయం చెప్పే పద్ధతితో. 'పాత సిస్టమా? ఎస్ఎస్‌డీ వెయ్యి, ర్యామ్ పెంచు, రాకెట్‌లా పరిగెడుతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఎస్ఎస్‌డీ వేసిన తర్వాత రాత్రి పదకొండింటికి స్క్రీన్ నల్లగా ఉండి, పొద్దున్నే షాపు తెరవాల్సి ఉంటే ఏం చేయాలో మాత్రం చెప్పం.

ఇప్పుడే ఎందుకు ఈ గోల?

రెండు కారణాలున్నాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆపైది ఉండాలి. మా బావ దగ్గరున్నది 2వ జనరేషన్. అంటే పని చేస్తున్న మెషీన్లు ఒక్క తేదీతో 'పాత సామాను' అయిపోయాయి. ప్రపంచం మొత్తం మీద 2022లో పుట్టిన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ చెప్తోంది. మిగతాది ఎటు పోతుందో మన ఊరి తుక్కు దుకాణం ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది.

రెండో కారణం ర్యామ్. ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనకి అమ్మే వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. కొత్త డీడీఆర్5 కిట్ కొనాలంటే గుండె ఆగే పరిస్థితిలో, ఎవరో తీసి పక్కన పడేసిన డీడీఆర్3 స్టిక్కు ఒక్కసారిగా అందంగా కనబడుతుంది.

నాకూ అలాగే కనబడింది. హైదరాబాద్ నుంచి బయల్దేరే ముందు ఒక పాత విడిభాగాల షాపులో దొరికినవి ఏరుకున్నా. ఐ5-3470 ప్రాసెసర్ 1,400. 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు రెండు, ఒక్కోటి 600. బ్యాకప్‌కి 500 జీబీ పాత హార్డ్ డిస్క్ 300. ఒక పాత ఎస్ఎంపీఎస్, కవర్ నిండా కేబుళ్లు ఊరికే ఇచ్చాడు. కొత్తగా కొన్నవి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ 2,600, థర్మల్ పేస్ట్ 120, సీఆర్2032 బ్యాటరీ 30.

ఐ3-2120కి రెండు కోర్లు. ఐ5-3470కి నాలుగు. సాకెట్ ఒకటే, ఎల్జీఏ 1155. కాగితం మీద ఇంతకన్నా తేలికైన అప్‌గ్రేడ్ ఉండదు.

మొదటి రోజు: అన్నీ ఒకేసారి

నేను చేసిన తప్పు చిన్నది కాదు, అందుకే వివరంగా చెప్తా. క్యాబినెట్ విప్పా. లోపల వరి కోతల దుమ్ము. నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లలో ఏ షాపులో సీపీయూ విప్పినా ఇదే, ఫ్యాన్ రెక్కల మీద మెత్తగా పేరుకుపోయి ఉంటుంది. అంతా ఊది, బ్రష్‌తో తుడిచి, పాత ప్రాసెసర్ తీసి కొత్తది పెట్టా. పేస్ట్ రాశా. పాత ర్యామ్ తీసి రెండు స్టిక్కులూ పెట్టా. ఎస్ఎస్‌డీ తగిలించా. పవర్ బటన్ నొక్కా.

ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ రాలేదు. బీప్ కూడా లేదు, ఎందుకంటే ఆ క్యాబినెట్‌లో స్పీకరే లేదు. మీ దగ్గర పాత బోర్డు ఉంటే ఆ 50 రూపాయల చిన్న స్పీకర్ ఒకటి కొని పెట్టుకోండి. అది లేక నేను మూగ మనిషితో మాట్లాడినట్టు రాత్రంతా గడిపా.

ఇక మొదలైంది. ప్రాసెసర్ మీద అనుమానం వచ్చి పాత ఐ3 మళ్లీ పెట్టా. ర్యామ్ మాత్రం కొత్త తెచ్చినవే ఉంచా. డిస్‌ప్లే లేదు. అయితే ర్యామ్ తప్పేమో అని పాత 4 జీబీ స్టిక్కు పెట్టి, ఐ5 మళ్లీ ఎక్కించా. డిస్‌ప్లే లేదు. ప్రాసెసర్ మార్చినా అంతే, ర్యామ్ మార్చినా అంతే. కాబట్టి బోర్డే పోయింది. నేనే చంపేశా. ఎక్కడో సాకెట్ పిన్ను వంగి ఉంటుంది, లేదా స్టాటిక్ తగిలి ఉంటుంది. రాత్రి పన్నెండున్నరకి నా తీర్పు ఇది.

మీలో కోడ్ రాసేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గిట్‌లో 'బైసెక్ట్' అని ఒకటుంది కదా. బగ్ ఎక్కడ మొదలైందో సగం సగం కోసుకుంటూ వెతుకుతుంది. అది సాఫీగా పని చేయాలంటే తప్పు ఒకటే ఉండాలి. ఒకే లక్షణం చూపించే తప్పులు రెండుంటే, ఒకటి సరిచేసినా రెండోది స్క్రీన్‌ని నల్లగానే ఉంచుతుంది. నా దగ్గర జరిగింది అదే. ప్రాసెసర్ వైపు ఒక సమస్య, ర్యామ్ వైపు ఇంకో సమస్య. రెండింటి లక్షణం ఒకటే, నల్ల స్క్రీన్. పాత ప్రాసెసర్, పాత ర్యామ్ రెండూ కలిపి పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అది 'పాత కాంబినేషన్', దాన్నేం టెస్ట్ చేస్తాం అనుకున్నా. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా చేస్తే నేనే క్లాసు పీకేవాణ్ణి.

కొత్త పార్టులతో అయితే ఇలా జరిగే అవకాశం తక్కువ. డబ్బా విప్పిన ర్యామ్ సాధారణంగా పని చేస్తుంది, అందుకే ఒక్కో తప్పు విడివిడిగా దొరుకుతుంది. పాత పార్టుల్లో ప్రతి ముక్కా అనుమానితుడే. నాలుగు పాత పార్టులు ఒకేసారి పెట్టడమంటే నలుగురు అబద్ధాలకోర్లని ఒకే గదిలో కూర్చోబెట్టి విచారించడం.

రెండో రోజు: రబ్బరుతో వైద్యం

పొద్దున్నే షాపు ముందు జనం. బావ మొహం చూడలేక బోర్డుని సంచిలో వేసుకుని మార్కెట్ వైపు వెళ్లా. అక్కడ ఒక పెద్దాయన టీవీలు, కంప్యూటర్లు బాగు చేస్తాడు. బ్లాక్ అండ్ వైట్ టీవీల కాలం నుంచి సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యి. నేను నా థియరీలన్నీ చెప్పా, సాకెట్ పిన్ను, స్టాటిక్, బోర్డు చనిపోవడం.

ఆయన అవేవీ వినలేదు. "పాతయి యాడున్నయ్ తమ్మీ?" అన్నాడు. ఐ3, పాత ర్యామ్ ఇచ్చా. ర్యామ్ కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి పెట్టాడు. సీమాస్ బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 2.4 వోల్టులు చూపించింది. 3 వోల్టులు ఉండాల్సింది. నా దగ్గరున్న కొత్తది వేసి, సీమాస్ జంపర్‌తో రీసెట్ చేసి, తన టేబుల్ మీది ఎస్ఎంపీఎస్ తగిలించాడు. డిస్‌ప్లే వచ్చింది.

ఐదు నిమిషాలు. నాకు బాధ, ఆనందం రెండూ ఒకేసారి.

"ముందుగాల నడిచినదాన్ని నడిపియ్యి. గది నడిస్తే ఒక్కటి మార్చు. గది గుడ నడిస్తే ఇంకొకటి" అన్నాడు. 200 తీసుకున్నాడు, అది కూడా నేను బలవంతం చేస్తే.

అక్కణ్ణుంచి అన్నీ వరసగా విడిపోయాయి. పాత ప్రాసెసర్ మీదే ఉంచి కొత్తగా తెచ్చిన ర్యామ్ ఒక్కో స్టిక్కు పెట్టి చూశా. మొదటిది ఓకే. రెండోది పెడితే నల్ల స్క్రీన్. దాన్ని వెలుగులో పెట్టి చూస్తే స్టిక్కర్ మీద చీమంత అక్షరాల్లో 'ఏఎండీ' అని ఉంది. ఇది చాలామందికి తెలియని సంగతి. డీడీఆర్3 డెస్క్‌టాప్ ర్యామ్‌లో ఏఎండీ బోర్డుల్లో మాత్రమే నడిచే చవక స్టిక్కులు మార్కెట్లో బోలెడున్నాయి. వాటి మీద చిప్‌ల అమరిక వేరు, ఇంటెల్ మెమరీ కంట్రోలర్ దాన్ని చదవలేదు. ర్యామ్ పాడవలేదు, తప్పు ఇంట్లో ఉందంతే. అమ్మినాయన్ని కూడా నేను తిట్టను. అడగాల్సింది నేను. మీరు కొనేటప్పుడు 'ఇంటెల్ బోర్డులో వేసి చూపించు' అనండి. చూపించకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

సరే, పాత 4, కొత్తగా తెచ్చిన 4, మొత్తం 8 జీబీ. బావ పనికి అది చాలు. అయినా హెచ్61లో ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీకి మించి ఎక్కదు.

ఇక ప్రాసెసర్. ఐ5-3470 అనేది 2012లో వచ్చిన 3వ జనరేషన్. హెచ్61 బోర్డు 2011 నాటిది. సాకెట్ ఒకటే అయినా, బోర్డు తయారైన రోజున ఆ ప్రాసెసర్ ఇంకా పుట్టలేదు. కాబట్టి పాత బయోస్‌కి అదెవరో తెలియదు. ప్రతి బోర్డు కంపెనీ సైట్‌లోనూ సపోర్ట్ పేజీలో ప్రాసెసర్ల జాబితా ఉంటుంది, ఒక్కో పేరు పక్కన 'ఈ బయోస్ వెర్షన్ నుంచి' అని రాసి ఉంటుంది. కొనకముందు రెండు నిమిషాలు ఆ పేజీ చూసుంటే ఒక రాత్రి మిగిలేది. గమనించండి, బయోస్ అప్‌డేట్ చేయాలంటే పాత ప్రాసెసర్ మీద ఉండాలి. 'అప్‌గ్రేడ్ చేస్తున్నాం కదా' అని పాత ఐ3ని ముందే అమ్మేసి ఉంటే నా పని అయిపోయేది.

బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోతుంది. షాపులో ఉన్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, పేరుకే యూపీఎస్. సీపీయూని ఇంటికి తీసుకెళ్లి ఇన్వర్టర్ లైన్ మీద పెట్టా. అక్క టీవీ, ఫ్యాన్లు అన్నీ ఆపించా. మా మేనల్లుడు స్విచ్ బోర్డు దగ్గర కాపలా, ఎవరూ ముట్టుకోకుండా. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టి ఎంటర్ కొట్టాక ఆ రెండు నిమిషాలు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. రీస్టార్ట్ అయ్యాక ఐ5 ఎక్కించా. మొదటి స్క్రీన్‌లోనే పేరు కనబడింది. ఆ రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నా. పొద్దునకి ఒక్క ఎర్రర్ లేదు.

మూడో రోజు: నా చదువే నాకు శత్రువు

ఎస్ఎస్‌డీలో విండోస్ 10 వేశా. హెచ్61లో సాటా 2 పోర్టులే ఉంటాయి, 3 జీబీపీఎస్. ఎస్ఎస్‌డీ డబ్బా మీద రాసిన 500 పైచిలుకు ఎంబీ వేగం ఇక్కడ రాదు, 270, 280 దగ్గర ఆగిపోతుంది. దీని గురించి బెంగపడి బోర్డు మార్చేవాళ్లు ఉన్నారు, వద్దు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారినప్పుడు మనకి తెలిసే తేడా ఆ పెద్ద నంబర్‌ది కాదు. చిన్న చిన్న ఫైళ్లు చకచకా వెతకడంలో ఉంది. చాయ్ తాగొచ్చే బూటింగ్ ఇరవై సెకన్లకి వచ్చింది. బావ నవ్వాడు. షాపు తెరిచాం.

మధ్యాహ్నం మొదటి హ్యాంగ్. ఒకమ్మాయి అప్లికేషన్ మధ్యలో, ఫోటో అప్‌లోడ్ చేస్తుండగా సిస్టమ్ ముప్పై సెకన్లు గడ్డకట్టింది. మళ్లీ కదిలింది. గంటకి రెండుసార్లు ఇలా. ఒకసారి ఫీజు కట్టే పేజీలో ఆగింది. డబ్బు పోయిందా లేదా తెలియక ఆ పిల్ల కళ్లలో నీళ్లు. డబ్బు పోలేదు, సాయంత్రానికి తేలింది. కానీ ఆ మధ్యాహ్నం నేను షాపులో ఎటు చూడాలో తెలియక నిలబడ్డా.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, సాఫ్ట్‌వేర్‌నే అనుమానించా. డ్రైవర్లు మార్చా. విండోస్ మళ్లీ వేశా. మళ్లీ హ్యాంగ్. ఐఎస్ఓ ఫైలే తేడా అని కొత్తగా డౌన్‌లోడ్ చేసి రెండోసారి వేశా. మళ్లీ హ్యాంగ్. అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టు, నా చేతకానితనం మొత్తం విండోస్ మీద చూపించా.

రాత్రి ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 129 నంబర్ వార్నింగులు వరసగా ఉన్నాయి. డిస్క్ జవాబివ్వక దాన్ని రీసెట్ చేశామని అర్థం. అంటే కొత్త ఎస్ఎస్‌డీ తేడా? వెనక్కి ఇచ్చేద్దామనుకుని, చివరగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూశా. హెల్త్ 100 శాతం. కానీ కింద సీ7 అనే వరసలో ఒక నంబర్ ఉంది, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి మళ్లీ చూస్తే ఆ నంబర్ పెరిగింది.

ఈ సీ7 గురించి ఒక్క ముక్క గుర్తుంచుకోండి. 05 అంటే డిస్క్ తన పాడైన చోట్లని పక్కన పెట్టిన లెక్క, సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన చోట్లు. ఈ రెండూ పెరిగితే డిస్క్ పోతోందని, వెంటనే బ్యాకప్ తీసుకోవాలని అర్థం. సీ7 పెరిగితే డిస్క్ బాగానే ఉండొచ్చు, డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోతోంది. మధ్యలో ఉన్నది ఏంటి? కేబుల్. అదే, కవర్ నిండా ఊరికే వచ్చిన కేబుళ్లలో ఒకటి. చివర ఉండాల్సిన లాక్ క్లిప్ విరిగిపోయి, వదులుగా కూర్చుంది. ఎవరూ వాడని డీవీడీ డ్రైవ్‌కి ఉన్న కేబుల్ పీకి ఎస్ఎస్‌డీకి తగిలించా. సీ7 నంబర్ అక్కడే ఆగింది, ఇవాళ్టి వరకు కదల్లేదు. ఆ నంబర్ సున్నాకి వెళ్లదు, పాత లెక్క అలాగే ఉంటుంది, పెరగకపోతే చాలు. రెండు విండోస్ ఇన్‌స్టాలేషన్లు, ఒక పిల్ల కన్నీళ్లు, చివరికి కొండను తవ్వి పట్టింది ఒక ఎలుకని.

ఎస్ఎంపీఎస్ విషయంలో మాత్రం నాతో వాదించకండి

నాలుగో రోజు సంగతి త్వరగా చెప్తా. ఊరికే వచ్చిన పాత ఎస్ఎంపీఎస్ ఉంది కదా, దాన్ని పెట్టి లోడ్ మీద మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టుల లైన్ మీద 11.2 వస్తోంది. స్టాండర్డ్ ప్రకారం 5 శాతం అటూ ఇటూ, అంటే 11.4కి తగ్గకూడదు. తీసి పక్కన పడేశా. బావ సిస్టమ్‌లో ముందు నుంచీ ఉన్నది లేబుల్ మీద 450 వాట్లు అంటోంది. అదే లేబుల్ మీద కింద చిన్నగా 12 వోల్టుల లైన్‌కి 14 ఆంపియర్లు అని ఉంది. 12 ఇంటూ 14, 168 వాట్లు. ప్రాసెసర్‌కి నిజంగా పనికొచ్చేది ఆ 168, పైన పెద్ద అక్షరాల్లో ఉన్న 450 కాదు. గ్రాఫిక్స్ కార్డ్ లేదు కాబట్టి బండి నడుస్తుంది. కానీ దాని వయసు, మా ఊరి వోల్టేజీ రెండూ చూసి 1,750 పెట్టి కొత్తది తెప్పించా. ప్రాసెసర్, ర్యామ్, క్యాబినెట్ పాతవి కొనండి, అడ్డు చెప్పను. ఎస్ఎంపీఎస్ మాత్రం కొత్తది కొనండి. మిగతా ఏ పార్టు పోయినా అదొక్కటే పోతుంది. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ ఎవర్ని వెంట తీసుకెళ్తుందో చెప్పలేం.

మనం ఎవరూ మాట్లాడని ఒక సంగతి

300 పెట్టి కొన్న పాత హార్డ్ డిస్క్ తగిలిస్తే ఖాళీగా లేదు. ఫోల్డర్ల నిండా స్కాన్ కాపీలు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. ఎక్కడో బావ లాంటి షాపులో వాడిన డిస్క్ అది. ఆ షాపాయన సీపీయూ అమ్ముకున్నాడు, దాంతో పాటు వందల మంది కాగితాలు కూడా అమ్మేశాడు. ఆయనకి తెలియకపోయి ఉండొచ్చు. నేను ఫైళ్లేవీ తెరవలేదు, మొత్తం డిస్క్ మీద సున్నాలు రాయించేశా. క్విక్ ఫార్మాట్ చేస్తే డేటా పోదు, జాబితా మాత్రమే పోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ కుర్రాడైనా తిరిగి తీస్తాడు.

ఆ సాయంత్రం బావ పాత డిస్క్ చూశాం. అందులో కూడా ఎన్నో ఏళ్ల స్కాన్లు. "కస్టమర్ మళ్ల వస్తే పనికొస్తయని ఉంచిన" అన్నాడు బావ. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చిందని చెప్తే, "మా అసుంటోళ్లకు గుడనా?" అన్నాడు. చట్టం సంగతి తర్వాత, ఊళ్లో వాళ్ల ఆధార్లు బావా అన్నా. అవసరమైన లెక్కల పుస్తకాలు తీసుకుని మిగతావన్నీ తుడిచేశాం. పాత పార్టులు కొనే మనం స్పీడ్ టెస్టులు పెట్టుకుంటాం, బెంచ్‌మార్కులు పోల్చుకుంటాం. అమ్మేటప్పుడు డిస్క్ తుడిచి అమ్మాలని మాత్రం మన రివ్యూల్లో ఒక్క లైను ఉండదు. ఈ సైట్‌లో నేను రాసినవాటిలో కూడా లేదు.

మరి లాభమా నష్టమా?

మెకానిక్ పెద్దాయన 200తో కలిపి నా ఖర్చు 7,600. కొత్త సిస్టమ్ 38 వేలతో పోలిస్తే దిమ్మతిరిగే ఆదా అని థంబ్‌నెయిల్ పెట్టుకోవచ్చు. కానీ అక్క లెక్క వేరే ఉంది. దరఖాస్తుల సీజన్‌లో నాలుగు రోజులు షాపు సగం మూతబడింది. పోయిన గిరాకీ తక్కువలో తక్కువ 3 వేలని అక్క చెప్పింది. వేరే షాపుకి అలవాటు పడ్డవాళ్ల లెక్క అందులో లేదు. బావ ఏం అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే నా అభిప్రాయం ఇప్పుడు కాస్త మారింది. మీ గదిలో మీ సిస్టమ్ అయితే పాత పార్టులు ఏరుకొచ్చి ఆడుకోండి, ఇంతకంటే మంచి చదువు లేదు. బీటెక్ నాలుగేళ్లలో కంప్యూటర్ ఆర్గనైజేషన్ సబ్జెక్టు నాకు నేర్పనిది ఆ సాటా కేబుల్ నేర్పింది. కానీ ఒకరి కూడు ఆ మెషీన్ మీద ఆధారపడి ఉంటే, విడి పార్టుల కంటే ఆఫీసుల నుంచి లీజు అయిపోయి వచ్చే రిఫర్బిష్డ్ డెస్క్‌టాప్ మొత్తంగా కొనడం మేలు. 8వ జనరేషన్ ఐ5 ఉన్నవి దొరుకుతున్నాయి, విండోస్ 11 కూడా అధికారికంగా ఎక్కుతుంది. అందులో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఏళ్ల తరబడి కలిసి కాపురం చేసినవే, ఒకదానికొకటి పరిచయం చేసే పని ఉండదు. ఒక్క చిక్కు చెప్తా. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీస్ మోడళ్లలో చాలావాటికి మామూలు 24 పిన్నుల ఎస్ఎంపీఎస్ పట్టదు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020కి 8 పిన్నుల కనెక్టర్, లెనోవో థింక్‌సెంటర్ ఎం93పీకి 14 పిన్నులు. రేపు అది పోతే బాన్సువాడలో కాదు కదా, హైదరాబాద్ సీటీసీలో కూడా అడిగిన వెంటనే దొరకకపోవచ్చు. కొనేటప్పుడే మూత తీసి చూడండి.

లైనక్స్ వేయొచ్చు కదా అంటారని తెలుసు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది అదే. కానీ షాపులో వేలిముద్ర మెషీన్‌కి, ఆ పెద్ద ప్రింటర్‌కి మా దగ్గరున్న డ్రైవర్లు విండోస్‌వే. సర్వర్ స్లో ఉన్నప్పుడు లైన్లో పది మంది నిలబడి ఉంటే బావ టెర్మినల్ తెరిచి కమాండ్ కొట్టడు. ఇక టీపీఎం లేకుండా దొడ్డిదారిన విండోస్ 11 వేసే ట్రిక్కులు నాకూ వచ్చు, ఈ ప్రాసెసర్ మీద నడుస్తుంది కూడా. కానీ అప్‌డేట్లకి గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్తున్న దాన్ని, జనం ఆధార్ నంబర్లు కొట్టే మెషీన్‌లో వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. విండోస్ 10కే ఇచ్చే ఏడాది ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లలో చేర్చా. అది 2026 అక్టోబర్ 13 వరకు.

ఆ తర్వాత ఈ సీపీయూ షాపులో ఉండకూడదు. బావకి ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిచ్చా. అప్పుడు రిఫర్బిష్డ్ ఒకటి తెచ్చి, దీన్ని ఇంటికి తీసుకెళ్లి మింట్ వేసి మేనల్లుడికి ఇస్తా. స్విచ్ బోర్డు దగ్గర కాపలా ఉన్నందుకు వాడు ఇప్పటికే హక్కు అడుగుతున్నాడు. ఏఎండీ ర్యామ్ స్టిక్కు మాత్రం తిరుగు ప్రయాణంలో మెకానిక్ పెద్దాయనకి ఇచ్చేశా. ఆయన దాన్ని తిప్పి చూసి, జేబులో వేసుకుని, "గిది నడిచే డబ్బా ఒకటి నా దగ్గరున్నది తమ్మీ" అన్నాడు.